బుడగలకు మన ఆసుపత్రుల్లో చోటేది?

జిల్లా కేంద్రాల్లోని స్కానింగ్ సెంటర్లలో రోజూ టైపయ్యే వాక్యం ఒకటుంది. "కాలేయం కుడి భాగంలో 2 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తోంది, కాంట్రాస్ట్ సీటీతో పోల్చి చూసుకోవాలి." కడుపునొప్పి అనో, అజీర్తి అనో వచ్చిన మనిషికి ఆ కాగితం చేతికందాక నిద్ర పట్టదు. నిజానికి చాలాసార్లు ఆ గడ్డ వల్ల ఏ ప్రమాదమూ ఉండదు. కాలేయంలో రక్తనాళాలు ఉండచుట్టుకున్నట్టు పెరిగే హెమాంజియోమా అనే గడ్డలు ఎందరిలోనో ఉంటాయి. అవి ఉన్నట్టే తెలియకుండా నిండు నూరేళ్లూ బతికేస్తారు. కానీ కొన్నిసార్లు అది క్యాన్సర్. మామూలు అల్ట్రాసౌండ్ బొమ్మలో బూడిదరంగు మీద మరో బూడిదరంగు మచ్చగా కనిపించే ఈ రెంటినీ విడదీసి చెప్పడం అనుభవమున్న డాక్టరుకు కూడా చాలాసార్లు సాధ్యం కాదు. అందుకే సీటీ.

సీటీ అంటే చాలామందికి మరో ఊరు, పోయిన మరో రోజు కూలి, మరో బిల్లు. అంతవరకు ఎలాగో సర్దుకుంటారు. అసలు చిక్కు సీటీ తీసేముందు చేతి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు దగ్గర వస్తుంది. ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. అందుకే ముందుగా క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో, కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు ఊరూరా ఉంది. అక్కడి మనిషికి కాలేయంలో మచ్చ కనిపిస్తే, క్రియాటినిన్ కాగితం చూశాక సీటీ గది గుమ్మం దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. గడ్డ ఏమిటో తెలియాలంటే మందు కావాలి. మందు ఎక్కిద్దామంటే కిడ్నీల భయం.

ఈ ముడిని చాలావరకు విప్పే సాధనం ఒకటి పాతికేళ్ల నుంచి ప్రపంచంలో ఉంది. అదే మంచం, అదే అల్ట్రాసౌండ్ యంత్రం. చేతి నరంలోకి పాలలా తెల్లగా ఉండే ద్రవం ఒక చెంచాలో సగం పోస్తారు. అందులో ఉండేది కోట్ల కొద్దీ వాయువు బుడగలు. ఒక్కొక్కటీ ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. ఐదారు నిమిషాలు చూస్తే గడ్డ స్వభావం చాలామందిలో తేలిపోతుంది. ఆ బుడగలకు మూత్రపిండాలతో పనే లేదు, వాటిలోని వాయువు ఊపిరితిత్తుల గుండా ఊపిరితోపాటు బయటికి పోతుంది. మన దేశంలో కొన్ని పెద్ద బోధనాసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు, దాని మీద పరిశోధన వ్యాసాలూ రాస్తున్నారు. జిల్లా ఆసుపత్రికి వచ్చేసరికి పేరు విన్నవాళ్లే తక్కువ. అల్ట్రాసౌండ్ యంత్రం లేని పట్టణం కనిపించని దేశంలో ఈ పరీక్షకు ఇంకా చోటు దొరకకపోవడం వింతే కాదు, నష్టం కూడా.

బుడగ ఎందుకంత పనికొస్తుందో అర్థం కావాలంటే రక్తం ఎందుకు కనిపించదో ముందు తెలియాలి. అల్ట్రాసౌండ్ పనంతా ప్రతిధ్వని మీదే. ప్రోబ్ పంపిన శబ్దతరంగం, సాంద్రతలోనూ నొక్కితే నొక్కుకుపోయే గుణంలోనూ తేడా ఉన్న చోట వెనక్కి తిరుగుతుంది. ఎర్ర రక్తకణాలకూ వాటి చుట్టూ ఉన్న ద్రవానికీ ఆ తేడా చాలా తక్కువ. అందుకే తెరమీద రక్తనాళం నల్లటి గొట్టంలా కనిపిస్తుంది. అన్నిటికన్నా సన్నని నాళాలైతే అసలు కనిపించవు. వాయువు సంగతి వేరు. అది ద్రవం కన్నా వేల రెట్లు తేలిగ్గా నొక్కుకుపోతుంది. కడుపులో గ్యాస్ ఉంటే దాని వెనకున్నదేదీ స్కాన్‌లో కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. స్కానింగ్ డాక్టర్లు రోజూ తిట్టుకునే గ్యాసునే చిటికెడంత తీసుకుని రక్తంలో కలిపితే అది దీపంలా పనిచేస్తుంది.

ఇంకో విశేషం ఉంది. బిందెలో నీళ్లు నింపుతుంటే వినిపించే బుడబుడలు నీటివి కావు, నీటిలో చిక్కుకున్న గాలిబుడగలవి. ఒక్కో బుడగ చిన్న గంటలా మోగుతుంది. ఎంత పెద్ద బుడగ ఏ స్థాయిలో మోగుతుందో 1933లో లెక్కకట్టినవాడు మార్సెల్ మిన్నార్ట్. ఆయన వృత్తి నక్షత్రాలను చూడటం, సరదా సెలయేళ్లను వినడం. ఆయన సూత్రం ప్రకారం నీటిలో 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ దాదాపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బుడగ ఎన్ని రెట్లు చిన్నదైతే పౌనఃపున్యం అన్ని రెట్లు పెరుగుతుంది. వెయ్యి రెట్లు చిన్నదైతే, అంటే 1 మైక్రాన్ వ్యాసార్ధానికి వస్తే, 3 మెగాహెర్ట్జ్. పైపొర గట్టిదనమూ తలతన్యతా ఈ లెక్కను కొంత జరుపుతాయి గానీ, పొట్ట స్కాన్ చేసే ప్రోబ్ పనిచేసేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. కేశనాళికల్లో ఇరుక్కోకుండా పోవాలంటే బుడగ ఎంత చిన్నగా ఉండాలో, స్కానింగ్ శబ్దానికి స్పందించి మోగాలన్నా అంతే ఉండాలి. ఈ రెండు కొలతలూ కలవాలన్న నియమం ఎక్కడా లేదు. కలిశాయి, వైద్యానికి కలిసొచ్చింది.

మోగడంలోనూ బుడగది ఒక వంకర తీరు. శబ్దతరంగం నొక్కినప్పుడు అది కొంతవరకే కుంచించుకుపోతుంది, వదిలినప్పుడు మాత్రం బాగా ఉబ్బుతుంది. కండ, కొవ్వు లాంటి కణజాలాలు తక్కువ బలం ఉన్న తరంగానికి బుద్ధిగా పంపినదాన్ని పంపినట్టే తిప్పి పంపుతాయి. అందుకని యంత్రం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలాంటి రెండు తరంగాలను వెంటవెంటనే పంపి, వచ్చిన రెండు ప్రతిధ్వనులనూ కలుపుతుంది. కణజాలం నుంచి వచ్చినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతాయి. బుడగల నుంచి వచ్చినవి పూర్తిగా కొట్టుకుపోవు. దాంతో తెరమీద కాలేయం దాదాపు మాయమై, అందులో పారుతున్న రక్తం మాత్రమే మిగులుతుంది. శబ్దం బలం కాస్త పెంచితే బుడగలు పగిలిపోతాయి. కొందరు వైద్యులు దాన్నీ వాడుకుంటారు. ఒక్క దెబ్బతో ఆ ప్రాంతంలోని బుడగలన్నీ పగలగొట్టి, కొత్తవి ఎంత వేగంగా వచ్చి నిండుతున్నాయో చూస్తే రక్తప్రసరణ ఎలా ఉందో తెలుస్తుంది.

ఈ కథ మొదలైంది మాత్రం కాలేయంలో కాదు, గుండెలో. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే ఇద్దరు వైద్యులు బృహద్ధమని మొదలును అల్ట్రాసౌండ్‌తో గమనించడం గురించి ఒక వ్యాసం ప్రచురించారు. గుండెలోకి దూర్చిన సన్నని గొట్టం ద్వారా ద్రవం ఎక్కించినప్పుడల్లా తెరమీద మబ్బులా ప్రతిధ్వనులు కమ్ముకోవడం వాళ్లు గుర్తించారు. ఆ మబ్బు ద్రవానిది కాదు, ఎక్కించేటప్పుడు పుట్టిన అతిచిన్న గాలిబుడగలదని తర్వాత తేలింది. దాని వారసత్వం ఇప్పటికీ మన గుండె ఆసుపత్రుల్లో బతికే ఉంది. గుండె గదుల మధ్య చిన్న రంధ్రం ఉందేమోనన్న అనుమానం వస్తే రెండు సిరంజీలు తెచ్చి, వాటి మధ్య త్రీ-వే బిగించి, 9 మిల్లీలీటర్ల సెలైన్‌నూ 1 మిల్లీలీటరు గాలినీ అటూ ఇటూ చిలుకుతారు. ఆ నురుగును చేతి నరంలోకి ఎక్కిస్తే కుడివైపు గదులు తెల్లగా నిండుతాయి. ఆ బుడగలు ఊపిరితిత్తులు దాటలేవు, అక్కడే ఆగి కరిగిపోతాయి. అందుచేత గుండె రెండు మూడుసార్లు కొట్టుకునేలోపే ఎడమవైపున కూడా బుడగలు కనిపించాయంటే మధ్యలో దొంగదారి ఉన్నట్టే. ఈ పరీక్షకయ్యే సామాను ఖర్చు నామమాత్రం. ఎక్కువమంది గుండె వైద్యులకు అది తెలిసిన పనే. రక్తంలోకి బుడగలు పంపడమనే మాట వినగానే భయపడే వైద్యలోకం కాదు మనది.

సెలైన్ నురుగు కాలేయం దాకా ఎందుకు చేరదో, దాన్ని చేర్చడానికి మనుషులకు పాతికేళ్లు ఎందుకు పట్టిందో అన్నది అసలు ఇంజినీరింగ్ కథ. బుడగ చిన్నదయ్యే కొద్దీ తలతన్యత దాన్ని లోపలికి గట్టిగా పిండుతుంది. లోపలి గాలి చుట్టూ ఉన్న ద్రవంలోకి కరిగిపోతుంది, బుడగ మరింత చిన్నదవుతుంది, పిండుడు మరింత పెరుగుతుంది. అలా లేని పైపొర ఉన్న కొన్ని మైక్రాన్ల గాలిబుడగ రక్తంలో క్షణకాలం కూడా నిలవదు. మొదటి పరిష్కారం ఆల్బుమిన్. మన రక్తంలో ఉండే ఈ ప్రోటీన్‌ను శబ్దతరంగాలతో గిలకొట్టి గాలిబుడగల చుట్టూ తొడుగులా చేశారు. 1994లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్బునెక్స్ అలాంటిదే. కానీ లోపల ఉన్నది మామూలు గాలి, అది ఆ తొడుగులోంచి కూడా త్వరగానే కారిపోయేది. రెండో అడుగులో గాలినే మార్చేశారు. నీటిలో దాదాపు కరగని, బరువైన అణువులున్న వాయువులు తెచ్చారు. ఆప్టిసాన్, డెఫినిటీలలో ఆక్టాఫ్లోరోప్రొపేన్, సోనోవ్యూలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, జపాన్‌లో 2007 నుంచి వాడుకలో ఉన్న సోనాజాయిడ్‌లో పెర్‌ఫ్లోరోబ్యూటేన్. తొడుగు కూడా ఎక్కువ మందుల్లో ఫాస్ఫోలిపిడ్‌కు మారింది. మన కణాల పైపొర తయారయ్యే కొవ్వు జాతి పదార్థమే అది. ఇలా తయారైన బుడగ రక్తంలో నాలుగైదు నిమిషాలు నిలుస్తుంది, ఊపిరితిత్తులు దాటి కాలేయం, మెదడు, కిడ్నీ ఎక్కడికైనా వెళ్తుంది.

సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ పేరు విద్యుత్ శాఖవాళ్లకు బాగా తెలుసు. సబ్‌స్టేషన్లలో నిప్పురవ్వలు ఎగరకుండా స్విచ్‌గేర్‌లో నింపే వాయువు అదే. భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా 20 వేల రెట్లకు మించి ఘాటైనది కూడా. పర్యావరణం పేరు చెప్పి ఎవరైనా ఈ పరీక్షను తప్పుపట్టేలోపు లెక్క చూడటం మేలు. కాలేయానికి వాడే 2.4 మిల్లీలీటర్ల మోతాదులో ఉండే వాయువు 20 మైక్రోలీటర్ల లోపే, ఒక నీటిచుక్కలో సగం కూడా కాదు. దాని బరువు మిల్లీగ్రాములో పదో వంతు. అది చేసే హాని ఒక మనిషి మూడు నాలుగు నిమిషాలు వదిలే ఊపిరితో సమానం.

కాలేయం విషయానికొస్తే, ఈ పరీక్ష బలమంతా రక్తం వచ్చే దారిలో ఉంది. కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. కొంత ధమని నుంచి నేరుగా, ఎక్కువ భాగం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా. కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ సాధారణంగా ధమని రక్తం మీదే బతుకుతుంది. కాబట్టి బుడగలు ఎక్కించిన 10, 20 సెకన్లకే గడ్డ చుట్టుపక్కల కన్నా ముందు తెల్లగా వెలుగుతుంది. తర్వాత నిమిషం దాటాక మెల్లగా వెలుగు తగ్గుతుంది. పేగుల నుంచో, రొమ్ము నుంచో పాకి వచ్చిన క్యాన్సర్ అయితే నిమిషం లోపలే నల్లబడి, వెలుగుతున్న కాలేయం మధ్యలో గుంతలా కనిపిస్తుంది. హెమాంజియోమా తీరు పూర్తిగా వేరు. అంచుల్లో చిన్న చిన్న ముద్దలుగా మొదలై లోపలికి నిదానంగా నిండుతూ వచ్చి అలాగే నిలిచిపోతుంది. ఇదంతా కళ్లముందు కదిలే బొమ్మగా జరుగుతుంది. సీటీ అయితే ముందే అనుకున్న కొన్ని క్షణాల్లో మాత్రమే ఫొటోలు తీస్తుంది, ఆ క్షణం తప్పితే ఆ వెలుగూ తప్పిపోతుంది. పైగా అయోడిన్ మందు నాళాల్లోంచి కణజాలంలోకి ఊరిపోతుంది. బుడగలు నాళం దాటవు కాబట్టి కనిపించేదంతా రక్తమే.

అలాగని సీటీ అక్కర్లేదనడం అమాయకత్వం. బుడగలతో ఒకసారి ఒక గడ్డనే నిదానంగా చూడగలరు, కాలేయం అంతటా ఇంకెన్ని ఉన్నాయో ఆ తొలి అరనిమిషంలో వెతకడం కుదరదు. లావుపాటి మనిషిలో, పేగుల గ్యాసు అడ్డొచ్చే చోట, పక్కటెముకల కింద బాగా పైన ఉన్న గడ్డల్లో అల్ట్రాసౌండ్ చేతులెత్తేస్తుంది. చూసే డాక్టరు నేర్పు మీద ఫలితం ఆధారపడుతుంది. క్యాన్సర్ అని తేలాక అది ఎంత దూరం పాకిందో చూడటానికి సీటీనో ఎంఆర్‌ఐనో కావాల్సిందే. కాబట్టి బుడగల పరీక్ష అడిగే చోటు పెద్దదేమీ కాదు. మామూలు స్కాన్‌లో గడ్డ దొరికి, అదేమిటో తేలని మనిషి మంచం దిగకముందే ఇంకో ఐదు నిమిషాలు. అంతే. బ్రిటన్‌లో వైద్య పద్ధతుల ఖర్చునూ ప్రయోజనాన్నీ తూకం వేసే నైస్ సంస్థ 2012లో సరిగ్గా ఇలాంటి సందర్భానికే దీన్ని సిఫారసు చేసింది. యూరప్‌లోని అల్ట్రాసౌండ్ వైద్య సంఘాల సమాఖ్య తొలి మార్గదర్శకాలు 2004లోనే వచ్చాయి.

కిడ్నీల విషయంలోనూ అతిగా చెప్పడం మంచిది కాదు. అయోడిన్ మందు వల్ల కిడ్నీ దెబ్బతింటుందన్న భయం ఒకప్పుడు అనుకున్నంత పెద్దది కాదని ఇటీవలి పరిశోధనలు చూపిస్తున్నాయి. అమెరికాలోని రేడియాలజీ, కిడ్నీ వైద్య సంఘాలు 2020లో కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం, ప్రధానంగా జాగ్రత్తపడాల్సింది కిడ్నీల వడపోత సామర్థ్యం 30 కన్నా తక్కువకు పడిపోయినవారి విషయంలో. ఎంఆర్‌ఐలో వాడే గాడోలినియం మందుల్లో పాతవాటికి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మమూ కీళ్లూ బిగుసుకుపోయే అరుదైన జబ్బుకూ సంబంధం ఉందని 2006లో బయటపడింది. కొత్త రకాలు చాలా నయం. మరి బుడగలెందుకు? ఎందుకంటే ఆ 30 కన్నా తక్కువలో ఉండి, ఇంకా డయాలసిస్‌కు చేరని మనిషి దగ్గర మిగిలిన ఆ కాస్త సామర్థ్యమే ఆస్తి. దాన్ని ఎన్ని నెలలు కాపాడుకుంటే అన్ని నెలలు అతను వారానికి రెండు మూడుసార్లు మిషను ఎక్కకుండా ఇంట్లో ఉంటాడు. ఉద్దానంలో అలాంటివారు అరుదు కాదు. పైగా నిజ జీవితంలో జరిగేది మార్గదర్శకాల్లో రాసినట్టు ఉండదు. క్రియాటినిన్ కాస్త ఎక్కువుంటే చాలు, మందు లేకుండా సీటీ తీసి పంపేయడం చాలాచోట్ల చూసేదే. మందులేని సీటీలో ఆ గడ్డ మళ్లీ బూడిదరంగు మచ్చే. డబ్బూ పోయి, రేడియేషనూ తగిలి, ప్రశ్న అలాగే మిగులుతుంది.

రేడియేషన్ మాట వచ్చింది కాబట్టి పిల్లల సంగతి కూడా. మూత్రాశయం నుంచి మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు ఎగదన్నే జబ్బు కొందరు పసిపిల్లల్లో ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి చేసే పాత పరీక్షలో మూత్రాశయంలోకి గొట్టం ద్వారా అయోడిన్ మందు నింపి, బిడ్డ మూత్రం పోస్తుండగా ఎక్స్‌రేలు తీస్తారు. అయోడిన్ బదులు అదే గొట్టంలోంచి బుడగలు నింపితే అల్ట్రాసౌండ్‌తోనే చూడొచ్చు. బుడగలు కిడ్నీలోకి ఎక్కుతున్నాయా లేదా అన్నదొక్కటే తెలియాల్సింది. గొట్టం బాధ తప్పదు గానీ, పొత్తికడుపు మీద ఎక్స్‌రే పడదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో పిల్లల కాలేయ గడ్డలకూ, ఆ తర్వాత ఈ మూత్ర పరీక్షకూ అనుమతులిచ్చింది.

ఈ బుడగలు ప్రమాదకరమా అన్న ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉంది. ఆ చరిత్ర కాస్త చేదుది కూడా. 2007 అక్టోబరులో ఇదే ఎఫ్‌డీఏ, బుడగలు ఎక్కించిన కాసేపటికి కొందరు రోగులు మరణించారన్న నివేదికలతో, మందుపెట్టె మీద నల్లగీతల మధ్య ముద్రించే అతి తీవ్ర హెచ్చరికను పెట్టించింది. చాలామంది గుండె వైద్యులు అభ్యంతరం చెప్పారు. ఆ రోగులు అప్పటికే ప్రాణాపాయంలో ఉన్నవాళ్లని, మరణానికి బుడగలే కారణమని చెప్పే ఆధారం లేదని వాదించారు. పెద్ద సంఖ్యలో రోగుల రికార్డులు పోల్చి చూస్తే బుడగలు తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కాలేదు. 2008లోనే ఎఫ్‌డీఏ ఆంక్షలు సడలించింది, తర్వాత మరికొంత తగ్గించింది. పొట్ట పరీక్షల మీద 2006లో ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనంలో 23,188 పరీక్షలకు గాను తీవ్రమైన ఇబ్బంది వచ్చింది ఇద్దరికి, మరణాలు లేవు. అంటే 10 వేలకు ఒకరి లోపు. ఆ ఒక్కరికి వచ్చేది ఎక్కువగా అలర్జీ తరహా తీవ్ర స్పందన. కాబట్టి ఎడ్రినలిన్ సహా అత్యవసర సామాగ్రి పక్కన లేకుండా ఈ పరీక్ష ఎక్కడా చేయకూడదు. కొన్ని మందుల తొడుగులో పాలిఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. దానికి అలర్జీ ఉన్నవారికి వాడొద్దని 2021లో ఎఫ్‌డీఏ చేర్చిన హెచ్చరికను తేలిగ్గా తీసుకోరాదు.

మరి ఇక్కడ అడ్డేమిటి? సైన్స్ కాదు. మొదటిది ధర. పెద్ద పేరున్న మందులన్నీ విదేశీ కంపెనీలవే, సీసా ఖరీదు వేలల్లో. రెండోది యంత్రం. బుడగల ప్రతిధ్వనిని విడదీసే సాఫ్ట్‌వేర్ అన్ని యంత్రాల్లో ఉండదు, ఉన్న చాలావాటిలో అదనపు డబ్బు కట్టి తెరిపించుకోవాలి. ఈ రెండూ అందరూ చెప్పేవే. ఎవరూ పెద్దగా మాట్లాడని మూడోది డాక్టరు సమయం. కొన్ని దేశాల్లో స్కానింగ్ చేసేది శిక్షణ పొందిన సాంకేతిక నిపుణులు. మన దేశంలో డాక్టరే ప్రోబ్ పట్టుకోవాలి. లింగనిర్ధారణను అడ్డుకోవడానికి 1994లో చేసిన చట్టం అల్ట్రాసౌండ్ యంత్రాల మీదా వాడేవారి మీదా పెట్టిన కట్టుబాట్లకు గట్టి కారణాలే ఉన్నాయి, వాటిని సడలించమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఫలితం ఏమిటంటే, ప్రభుత్వాసుపత్రిలో గుమ్మం బయట గర్భిణుల వరుస, అపెండిక్స్ అనుమానాల వరుస ఎదురుచూస్తుండగా ఒకే డాక్టరు ఒక్క కాలేయం మీద పావుగంట నిలబడాలి, మందు ఎక్కించడానికి పక్కన ఇంకొకరు కావాలి. ఆ పావుగంటకు విలువ కట్టే పద్ధతి లేనంతకాలం "సీటీతో పోల్చి చూసుకోవాలి" అని రాసి పంపడమే అందరికీ తేలిక.

ధర సంగతి చూస్తే, ఈ మందు తయారీ మన పరిశ్రమకు కొరుకుడుపడనిదేమీ కాదు. ఫాస్ఫోలిపిడ్ తొడుగులతో మందులు చేయడంలో భారత కంపెనీలకు ఇప్పటికే చేయి తిరిగింది. 2012లో అమెరికాలో డాక్సిల్ అనే క్యాన్సర్ మందు కొరత వచ్చినప్పుడు, అదే మందును కొవ్వుపొరలో పొదిగి భారత కంపెనీ చేసిన లిపోడాక్స్‌ను దిగుమతి చేసుకోవడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. బుడగ వేరు, లిపోజోమ్ వేరు, నిజమే. వాయువును బంధించడం, బుడగలన్నీ దాదాపు ఒకే కొలతలో రావడం, సీసాలో పొడిగా నెలల తరబడి చెడకుండా ఉండటం, ఇవి కొత్తగా నేర్చుకోవాల్సినవే. కానీ సున్నా నుంచి మొదలుపెట్టే పని కాదు. హైదరాబాద్‌లో మందుల పరిశ్రమ ఉంది, విశాఖపట్నంలో వైద్య పరికరాల కోసమే కట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది, ఐఐటీ మద్రాస్, ఐఐటీ గాంధీనగర్ లాంటి చోట్ల వైద్య అల్ట్రాసౌండ్ ప్రయోగశాలలు ఉన్నాయి. వీళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే కొనుగోలు హామీ ఒక్కటే లేదు. ఏడాదికి ఇన్ని సీసాలు కొంటామని ప్రభుత్వాలు ముందే చెబితే తయారీదారు వస్తాడు, చెప్పకపోతే రాడు. దిగుమతి మీదే ఆధారపడితే ఏమవుతుందో 2022 వేసవిలో అమెరికా చూసింది. షాంఘైలో కోవిడ్ లాక్‌డౌన్‌తో ఒక్క ఫ్యాక్టరీ మందగిస్తే, సీటీకి వాడే అయోడిన్ మందు దొరక్క అక్కడి ఆసుపత్రులు పరీక్షలు వాయిదా వేసుకున్నాయి.

బుడగల గురించి పత్రికల్లో వచ్చేవి ఎక్కువగా ఇంకోరకం వార్తలు. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా మందుల్ని లోపలికి రానివ్వవు. రక్తంలో బుడగలుండగా బయటి నుంచి ఒకచోటికి గురిపెట్టిన అల్ట్రాసౌండ్ పంపితే, అవి ఉబ్బి తగ్గుతూ ఆ గోడను కాసేపు వదులు చేస్తాయని 2001లో కుందేళ్లలో చూపించారు. 2015లో కెనడాలో మెదడు కణితి ఉన్న రోగి మీద ఆ ప్రయత్నం జరిగింది. 2024 జనవరిలో అల్జీమర్స్ ఉన్న ముగ్గురికి ఇలా గోడ తెరిచి మందు ఇస్తే, తెరిచిన వైపు హానికరమైన అమైలాయిడ్ ఎక్కువ తగ్గిందని అమెరికా వైద్యులు ప్రకటించారు. పారిస్ పరిశోధకులు 2015లో ఒక్కొక్క బుడగ జాడనూ పట్టుకుంటూ ఎలుక మెదడులోని అతిసన్నని నాళాల పటాన్ని గీశారు. అద్భుతమైన పనులే. అయితే ముగ్గురు రోగుల ప్రయోగం గురించి తెలుగులో కూడా వార్త వచ్చే రోజుల్లో, లక్షల పరీక్షల్లో నిలదొక్కుకున్న కాలేయ పరీక్ష గురించి జిల్లా ఆసుపత్రిలో ఎవరూ మాట్లాడకపోవడం మన విజ్ఞాన ప్రచారంలోని లోటు. కొత్తదే వార్త, పనికొచ్చేది కాదు అన్న అలవాటు పత్రికలకే కాదు, పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలకూ ఉంది.

దేశమంతా ఒకేసారి మొదలుపెట్టాలని ఎవరూ అడగడం లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, దానికి అనుబంధంగా ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కిడ్నీలు దెబ్బతిన్న మనుషులు వందల్లో వచ్చే అలాంటి చోట, పిల్లల మూత్ర సమస్యలు చూసే బోధనాసుపత్రులు రెండు మూడింట్లో, ఇద్దరేసి రేడియాలజిస్టులకు కొన్ని వారాలు శిక్షణ ఇప్పించి, ఏడాదిపాటు ప్రతి పరీక్షనూ లెక్క రాయించవచ్చు. ఎన్ని గడ్డలు సీటీ లేకుండానే తేలాయి, ఎన్నిట్లో పొరపాటు పడ్డారు, ఎందరికి అలర్జీ వచ్చింది, ఒక్కొక్కరికి ఎంత ఖర్చయింది. మన మనుషుల మీద, మన ధరల్లో తీసిన ఆ లెక్క చేతిలో ఉంటే బీమా పథకాల అధికారుల దగ్గరికి వెళ్లొచ్చు, తయారీదారును పిలవొచ్చు. లెక్క బుడగలకు వ్యతిరేకంగా వస్తే అదీ ప్రచురించాలి. సీసాలోని పొడికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. 5 మిల్లీలీటర్ల సెలైన్ పోసి 20 సెకన్లు గట్టిగా ఊపితే తయారు, ఆరు గంటల్లోపు వాడేయాలి.